రత్నసభాపతి మళ్లీ పగ్గం పట్టిన ఏడాది

తమిళనాడులో, అందరూ బోడి అని పిలిచే బోడినాయకనూరు చుట్టుపక్కల ఎడ్లబండి పందేల్లో రత్నసభాపతిని ఎరగనివాళ్లు లేరు. పందెపు బండి తోలేవాడిని అక్కడ సారథి అంటారు. ఏలకుల వ్యాపారి నవనీతకృష్ణన్ బండికి ఇరవై రెండేళ్లు ఆయనే సారథి. యాభై ఎనిమిదో ఏట బండి మీంచి పడి తుంటి ఎముక విరగడంతో పందేలు మానుకున్నాడు. నవనీతకృష్ణన్ కల్యాణమండపంలో సభ పెట్టి, పదకొండు శాలువాలు కప్పి, ఇత్తడి బండిబొమ్మ ఒకటి బహూకరించి మరీ సాగనంపాడు.

మానుకున్నాడన్న మాటే గానీ, ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. భార్య పొన్నమ్మాళ్ దోసె తిరగేస్తుంటే వెనక నిలబడి "ఎడమకి, ఎడమకి" అనేవాడు. కొండ బస్సెక్కితే ప్రతి మలుపులోనూ ముందు సీటు కమ్మీని పగ్గంలా లాగేవాడు. రెండేళ్లకు తుంటి కుదుటపడింది. ఆ వారమే ఏలకుల గోడౌనుకు వెళ్లి, మళ్లీ బండెక్కుతానన్నాడు.

నవనీతకృష్ణన్ ఇబ్బందిగా కదిలాడు. "శాలువాలు కప్పి పంపించినాం కదా మామా! బండికి శరత్‌కుమార్‌ని పెట్టేసినా."

శరత్‌కుమార్ మదురై మాట్టుతావణిలో షేరాటో నడిపినవాడు. ఇరవై ఆరేళ్లు. తెలుగు ఒక్క ముక్క రాదు.

"ఆటో తోలినోడా నా ఎడ్లని తోలేది?"

"ఎడ్లు నావి మామా," అన్నాడు నవనీతకృష్ణన్ నెమ్మదిగా.

ఈ సంగతి సాయంత్రానికల్లా పెరియకుళం చేరింది. అక్కడ మామిడితోటల తంగవేలు తొమ్మిదేళ్లుగా నవనీతకృష్ణన్ చేతిలో ఓడిపోతూ ఉన్నాడు. మర్నాడే తాంబూలం పట్టుకొచ్చి, "అన్నా, మా బండి ఎక్కండి," అన్నాడు. రత్నసభాపతి ఆలోచించినట్టు కనబడాలని ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, సరేనన్నాడు.

బోడిలో గోల మొదలైంది. ఎన్నికల ముందు పార్టీ మారిన ఎమ్మెల్యేని కూడా ఎవరూ అన్ని మాటలు అనలేదు. నవనీతకృష్ణన్ మనిషి వచ్చి ఇత్తడి బండిని తిరిగి ఇచ్చేయమన్నాడు.

"దాంట్లో నేను వత్తులు పెట్టుకుంటుండా. ఇయ్యనని చెప్పు పో," అంది పొన్నమ్మాళ్.

మొదటి పందెం మార్చి మొదట్లో, తమిళుల మాసి నెలలో. పోనూ రానూ ఎనిమిది మైళ్లు. పద్నాలుగు బళ్లలో మలుపు తిరిగేసరికి ముందు మిగిలినవి రెండే. రత్నసభాపతి బండి మీద లేచి నిలబడి, తన పేరుపడ్డ కేక వేశాడు.

"పోరా నాయనా, పోరా!"

ఆయన ఎడ్లు చెవి కూడా కదపలేదు. పక్కనున్న నవనీతకృష్ణన్ ఎడ్లు మాత్రం తోకలెత్తి లంఘించాయి. శరత్‌కుమార్ పగ్గాలు వదిలేసి బండి చట్రం పట్టుకున్నాడు. రత్నసభాపతి ఇంకా గట్టిగా అరిచాడు. అవి ఇంకా జోరుగా పోయాయి. నలభై గజాల తేడాతో ఓడిపోయాడు.

పందెం అయ్యాక తంగవేలు దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పండన్నా. నవనీతకృష్ణనే మిమ్మల్ని నా దగ్గరికి పంపించినాడా?"

ఆ మాట రత్నసభాపతికి ముల్లులా దిగింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రెండో రోజు వేటకూర వాసనకు లేచి తిన్నాడు.

పొన్నమ్మాళ్ ఊరుకోలేదు. పెరియకుళం వెళ్లి, కొట్టంలో తంగవేలు ఎడ్ల ముందు నిలబడి "రండ్రా" అని పిలిచింది. అవి నెమరేస్తూ నిలబడ్డాయి. అరవంలో "వాంగడా" అంది. రెండూ ఆమె భుజం దగ్గరికొచ్చాయి.

"ఏమయ్యా, ఈటికి తెలుగు రాదు," అంది ఇంటికొచ్చి. "మణప్పారై సంతలో కొనుక్కొచ్చినవంట. బోడి ఎడ్లని దూడలప్పటి నుంచి నువ్వే కదా తెలుగులో ముద్దుచేసి పెంచింది? నీ కేకకి అవి పరిగెత్తక ఏం చేస్తాయి? ఇంక అరవంలో కేకెయ్యి."

రత్నసభాపతి చదివింది అరవం, సంతలో బేరమాడేది అరవం. కానీ ఒళ్లు తెలియని ఉద్రేకంలో ఆయన నోట ఇంటిభాష తెలుగే వచ్చేది. పొన్నమ్మాళ్ నెల రోజులు తాలీము ఇచ్చింది. ఆయన వెనక్కి నక్కుతూ వచ్చి గిన్నె దబాలున పడేసేది. "అమ్మో" అంటే తప్పు. అరవంలో పరిగెత్తరా అని, "ఓడుడా" అంటేనే కాఫీ.

ఏప్రిల్ చివర, చిత్తిరై నెలలో రెండో పందెం. "ఓడుడా! ఓడుడా!" అనగానే ఆయన ఎడ్లు బాణాల్లా దూసుకుపోయాయి. ఈలోపు బోడివాళ్లకూ గుట్టు తెలిసిపోయింది. నవనీతకృష్ణన్ స్వయంగా కూర్చోబెట్టి శరత్‌కుమార్‌కి తెలుగు నేర్పించాడు. గీత ఇంక రెండు వందల గజాలుందనగా, వెనక నుంచి అతని కేక వినబడింది.

"బోరా నైనా! బోరా!"

బోడి ఎడ్లు అయోమయంగా పక్కలు చూశాయి. శరత్‌కుమార్ మళ్లీ "బోరా!" అన్నాడు. ముందు పోతున్న రత్నసభాపతికి ఆ మాట చెవిలో ఇసుక పోసినట్టుంది. మూడోసారికి తట్టుకోలేక వెనక్కి తిరిగాడు.

"బోరా కాదురా తంబీ! పోరా! పోరా నాయనా!"

అంతే. బోడి ఎడ్లు ఆయన్ని దాటి, కొమ్ము వాసి తేడాతో గీత దాటాయి.

తంగవేలు వస్తుంటే, ఇవాళ కొట్లాట తప్పదని జనం పక్కకు జరిగారు. ఆయన బండి నొగ మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"నోరు కట్టుకోలేనోళ్లు మీరు ఏం కుట్ర చేస్తారన్నా! నాదే తప్పు. నేనే పాపపు మాట అన్నాను."

రత్నసభాపతి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఓడిపోయినా ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

వారం తిరక్కుండా నవనీతకృష్ణన్ కారేసుకుని వచ్చాడు. "మన బండికే వచ్చేయండి మామా. ఆ పిలకాయకి ఉచ్చారణ రాలేదు."

"వాణ్ణి ఆదివారాలు ఇక్కడికి పంపు, నేర్పిస్తా. నేను మాత్రం తంగవేలుకి మాట ఇచ్చినా," అన్నాడు రత్నసభాపతి.

జూన్ చివర, ఆని నెలలో పెరియకుళం పందెం ఆయనే గెలిచాడు. తంగవేలు కప్పు అందించి, మైకు కూడా చేతికిచ్చాడు.

"బోడి ఎడ్లలో ఒకదానికి గిట్ట పుండయింది, అవి రాలేదు," అన్నాడు రత్నసభాపతి మైకులో. "వచ్చుంటే ఏమయ్యుండునో చెప్పలేను."

చాలు, దిగమని పొన్నమ్మాళ్ కింద నుంచి చెయ్యి ఊపింది. ఆయన ఇంకో పావుగంట మాట్లాడాడు.