రాయపురంలో తెరుచుకున్న వాల్వు

నెల్లూరు తీసుకుపొమ్మని కనకమ్మత్త నన్ను ఏనాడూ అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. నెల్లూరులో ఉన్న తన అక్క శేషమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "చూద్దాంలే" అని పెట్టేసేది. కారణం నాకు తెలుసు. అత్తకు మోకాళ్ళు వంగవు. కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి ఉంటే తప్ప కుదరదు, అదీ గంటకోసారి కావాలి. ఊగే రైలుపెట్టెలో ఆమె నిలబడలేదు. హైవే పక్క హోటళ్ళ వెనక ఉండే గదుల సంగతి ప్రయాణాలు చేసేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఆ భయంతో ఆమె ఏళ్ళ తరబడి మద్రాసులో మా చింతాద్రిపేట దాటలేదు. నాలుగు గంటల దారిలో అక్క ఉంది, వీళ్ళిద్దరూ ఫోనులోనే ముసలివాళ్ళయ్యారు.

మావాళ్ళు ఒకప్పుడు జార్జి టౌన్‌లో పెద్ద వర్తకులు. తిరుపతి వెళ్ళే యాత్రికుల కోసం మా ముత్తాత సత్రం కట్టించాడు. ఎవరొచ్చినా పడక, భోజనం ఉచితం. సత్రం పోయింది, గిడ్డంగులూ పోయాయి. అందులో ఒక గిడ్డంగిని కొన్న దుకాణంలోనే నేనిప్పుడు లెక్కలు రాస్తున్నాను. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. కాని దారిన పోయే అందరికీ వసతి ఇచ్చిన ఇంటి ఆడపడుచు, దారిలో వసతి లేదని ఇంట్లో ఆగిపోవడం నాకు సమ్మతం కాదు. అందుకే మొన్న మే నెలలో ఒక కారవాన్ అద్దెకు తీసుకున్నాను.

కారవాన్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పెద్ద వ్యానులోనే మంచం, చిన్న వంటగట్టు, కూర్చునే మరుగుదొడ్డి ఉంటాయి. నేల కింద మంచినీళ్ళకు ఒక ట్యాంకు, మురుగుకు ఒక ట్యాంకు. మురుగు ట్యాంకు అడుగున గొట్టానికి అడ్డంగా ఒక పలక ఉంటుంది, అదే వాల్వు. బయటి నుంచి పిడి లాగితే పలక పక్కకు జరిగి ట్యాంకు ఖాళీ అవుతుంది. సినిమా షూటింగులకు ఇలాంటి బండ్లు ఇచ్చే ఒకాయన దగ్గర మాధవరంలో మాకిది దొరికింది. అద్దె తక్కువేమీ కాదు. కాని లాడ్జి ఖర్చు, హోటలు ఖర్చు కలిసివస్తాయి, వంట మనదే.

అత్త ఒక్క షరతు పెట్టింది. "ముందు దగ్గర్లో తిప్పి చూపించు. అంతా సరిగా ఉందంటేనే నెల్లూరు. లేదంటే మళ్ళా నా ముందర ఆ మాట ఎత్తొద్దు రంగా." ఆమె ఒకసారి కాదంటే ఇక కాదనే అర్థం.

గురువారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. డ్రైవరు దేవసహాయం రాయపురం మనిషి, మన తెలుగువాడే, యాభై దాటినవాడు. మెట్టు దగ్గర చేయి అందిస్తూ "మెల్లగా ఎక్కవ్వా" అన్నాడు.

"అవ్వ ఎవురికి? ముందు నీ తలలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకో పో," అంది అత్త. ఇద్దరికీ అప్పటినుంచే కుదిరింది.

తొమ్మిది లోపల మహాబలిపురం చేరాం. అద్దెకు చోటిచ్చే ఒక తోటలో బండి నిలిపి రెండు రాత్రులు ఉన్నాం. అత్త సముద్రం చూసింది, వేయించిన వేరుశనగలు తింది, రాతి రథాల నీడలో కూర్చుని దారిన పోయేవాళ్ళ చీరలకు వంకలు పెట్టింది. బండిలోని మరుగుదొడ్డి మాట అడిగితే "పరవాలే" అంది. ఆమె నోట అది గొప్ప ప్రశంస. శనివారం పొద్దున తిరిగి వచ్చాం. రాయపురంలో చేపల రేవుకు దగ్గరగా నా స్నేహితుడికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆవరణలో కార్పొరేషను మురుగు కాలువకు కలిసే సొంత చాంబరు గుంట ఉంది, అందులో ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి ముందే అనుమతి తీసుకున్నాను. ఖాళీ చేసి, నీళ్ళు నింపుకుని, ఆదివారం తెల్లవారి నెల్లూరు. ఇదీ నా ఏర్పాటు.

పదిన్నరకు గొట్టం తగిలించి పిడి లాగాను. కదలలేదు. దేవసహాయం లాగాడు. చక్రానికి కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగబోతుంటే ఆపాను. లోపలి కడ్డీ విరిగిందంటే ఇక చేసేదేమీ ఉండదు.

"ఎన్నా సార్ ఇది, ఇంచీ కూడా కదల్లా," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మురుగులారీ వాళ్ళను పిలుద్దాం. నేనైతే దీని కిందకి దూరను, ముందే చెప్పేస్తుండా."

మురుగులారీ వాళ్ళు సోమవారం వస్తామన్నారు. బండి యజమానికి ఫోన్ చేస్తే, "షెడ్డుకు తెచ్చేయండి సార్, డబ్బు తిరిగిచ్చేస్తాను. వేరే బండి జూన్‌లో గాని లేదు," అన్నాడు. ఫోన్ పెట్టి తిరిగి చూసేసరికి అత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంటికి పోదాం పద. చూసినాం గదా."

"ఈ సాయంత్రం దాకా ఆగత్తా."

"ఆగితే ఏమొస్తుంది? నువ్వు బాగుచేస్తావా?"

"చేస్తాను," అన్నాను. అన్న తరువాత చేయక తప్పదు. ఆదివారం దాకా ఈ బండి మా ఇల్లు. మా ఇంటి పని నేను చేసుకోగలను.

బండి పక్కన నిలబడి ఆలోచించాను. ముగ్గురు మనుషులు రెండు రోజులు వాడితే ట్యాంకు నీళ్ళతో బరువెక్కాలి. ట్యాంకును వేళ్ళతో కొట్టి చూస్తే పైభాగం అంతా బోలుగా మోగింది. మంచినీళ్ళ ముల్లు చూశాను. దాదాపు నిండుగానే ఉంది.

"అత్తా, వెళ్ళినప్పుడు ఎన్ని నీళ్ళు పోశావు?"

"ఒక చిన్న మగ్గు. ఆ కాలితో తొక్కేది తొక్కితే బకెట్టు నీళ్ళు పోతాయి, నేను దాన్ని తాకనేలేదు. దేవసహాయానికి కూడా చెప్పినా, ఒక మగ్గుకు మించి పోస్తే ఊరుకోనని."

"అవ్వ చెప్తే నేను ఎదురు చెప్తానా సార్?" అన్నాడు దేవసహాయం.

నేనూ అంతే పోశాను. లారీనీళ్ళ కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగిన మద్రాసు మనుషులం. నీళ్ళు మిగల్చడం మాకు నేర్పక్కరలేదు. ఆ పొదుపే ట్యాంకులో తడి లేకుండా చేసింది. మహాబలిపురం ఎండలో రెండు రోజులు నిలిచిన బండి కింద అంతా అట్టకట్టి, పలక జరిగే గాడిలోకి చేరి బిగుసుకుంది.

ఆ మాట చెప్పగానే అత్త ముఖం చిట్లించింది. "పిండి ఎండిన గిన్నెను ఎవురైనా గీకుతారా? నానేస్తారు. ఛీ ఛీ, దీన్ని తెచ్చి నా వంటింటి మాటల్లో పెట్టించినావు గదరా," అంది. కాని ఆ ముక్క సరిగ్గా సరిపోయింది.

నానబెట్టాలి. అదీ వేడినీళ్ళతో. మే నెల మద్రాసులో వేడినీళ్ళకు పొయ్యి అక్కరలేదు. ఫ్యాక్టరీ మేడమీద పెద్ద నల్ల ట్యాంకు ఉంది. పన్నెండు గంటలకు దాని కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేకపోయాను. రబ్బరు గొట్టం దించి మరుగుదొడ్డిలోంచి లోపలికి వదిలాం. గిన్నెలు తోమే ద్రవం సీసా సగం పోశాను. ట్యాంకును ముప్పావు వంతు నింపి ఆపాను, పూర్తిగా నింపితే నీళ్ళు లోపల కదలవు. నీళ్ళు పోతున్నంతసేపు అత్త అటువైపు చూడలేదు. "చాలు రంగా" అని మూడుసార్లు అంది, మూడుసార్లూ చాలలేదు.

అది నానుతుండగా నేను ఆటోలో చింతాద్రిపేట వెళ్ళాను. పంపుసెట్ల సామాను అమ్మే అంగట్లో సిలికాన్ గ్రీజు, మందపాటి చేతొడుగులు కొన్నాను. రబ్బరు వలయాలకు వంటనూనె, కిరసనాయిలు తగలకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ పని చేయబోయేవాళ్ళు ఇది మరవద్దు. అంగడి పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని నన్ను తేరిపార చూశాడు.

"మీరు సత్రం వాళ్ళ అబ్బాయి గదా? ఈ గ్లౌజులు మీకేలయ్యా?"

"మురుగు వాల్వు పట్టేసింది. తీయాలి."

"మీరా? మనిషిని పంపేదా?"

"వద్దండి. మా బండి."

ఆయన కవరులో ఒక సబ్బు బిళ్ళ కూడా వేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు. తీసుకోకపోతే కవరు తీసుకోనన్నాను. తీసుకున్నాడు.

తిరిగి వచ్చి, అత్త వండిన చింతపండు పులిహోర తిని, మూడు గంటలకు బండి తీయమన్నాను. "యాడికి సార్?" అన్నాడు దేవసహాయం.

"ఈ పేటలో అన్నిటికంటే చెడ్డ రోడ్డు ఏది?"

అతని ముఖం వెలిగిపోయింది. "అదా! అది నన్ను అడగాల! హార్బరు గేటు పక్కన ఒకటుంది సార్, కంటైనరు లారీలు తొక్కి తొక్కి చెరువు చేసినాయి."

అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. ఆ రోడ్డు మీద రెండుసార్లు పోయి రెండుసార్లు వచ్చాం. ప్రతి గుంతలోనూ కాళ్ళ కింద ట్యాంకులో నీళ్ళు గుబగుబమని కొట్టుకోవడం వినిపించింది. ఇలాంటి రోడ్ల గురించే ఏళ్ళుగా కార్పొరేషనుకు అర్జీలు పెట్టిన నేను, ఆ రోజు ఈ రోడ్డుకు మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. లారీల వెనక ఆగినప్పుడు పక్కకు వచ్చిన ఆటోవాడు తల బయటపెట్టాడు.

"ఎన్నా అన్నే, షూటింగా? హీరోయిన్ లోపలుందా?"

"ముందు సీట్లోనే ఉంది, చూసుకో," అన్నాడు దేవసహాయం.

అత్త కొంగు సర్దుకుని, అద్దంలోంచి ఆటోవాడికి నమస్కారం పెట్టింది.

నాలుగున్నరకు మళ్ళీ ఐసు ఫ్యాక్టరీ. చొక్కా విప్పి మడిచి సీటు మీద పెట్టాను. గోనెపట్టా పరిచి బండి కింద వెల్లకిలా పడుకుని, పలక బయటికి వచ్చే చోట కడ్డీకి గ్రీజు పట్టించాను. బయటికి వచ్చి పిడి పట్టుకున్నాను. లాగలేదు, ముందు లోపలికి నెట్టాను. వెంట్రుకవాసి కదిలినట్టు అనిపించింది. అంతమేరకే వెనక్కి లాగాను. మళ్ళీ నెట్టాను. పైన అత్త జపం ఆపేసి వింటోంది. దేవసహాయం చాంబరు దగ్గర గొట్టం పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. నెట్టడం, లాగడం, ఇంకొంచెం గ్రీజు. చేతికి పలక కరకరమనడం తెలిసింది, తరువాత ఆ కరకర మెత్తబడింది. అప్పుడు ఒక్కసారి నిదానంగా, చివరిదాకా లాగాను.

పిడి మొత్తం బయటికి వచ్చింది. గొట్టం పాములా లేచి మెలిక తిరిగింది.

"వచ్చేసింది! సార్, వచ్చేసింది! అవ్వా, పోతా ఉంది!" దేవసహాయం అరిచిన అరుపుకు ఐసు పగలగొట్టేవాళ్ళు పని ఆపి బయటికి వచ్చారు. ఏమిటో తెలిశాక ముక్కులు మూసుకుని మరీ చప్పట్లు కొట్టారు. నేను నిటారుగా నిలబడ్డాను. మా కుటుంబంలో చివరిసారి ఎవరికి చప్పట్లు మోగాయో నాకు తెలియదు. నాకు మోగినవి మాత్రం న్యాయంగా వచ్చినవే.

మూడుసార్లు నింపి కడిగాం. వాల్వు మూసి, ట్యాంకు అడుగున రెండు బకెట్ల నీళ్ళు ముందే పోసిపెట్టాం. ప్రయాణం మొదట్లోనే చేయవలసిన పని అది. అత్త లోపలికి వెళ్ళింది. కాలితో తొక్కిన చప్పుడు వినిపించింది, నీళ్ళు ధారాళంగా పోయిన చప్పుడూ వినిపించింది. బయటికి వచ్చి, "స్నానం చేసి రా. రేపు ఎన్ని గంటలకు?" అంది.

ఆదివారం ఆరుకు బయలుదేరి, ఎనిమిదికి సూళ్ళూరుపేట దాటాక రోడ్డు పక్కన ఆపి ఇడ్లీలు తిన్నాం. అత్త ఎక్కడ కావాలంటే అక్కడ ఆగాం. పదిన్నరకు నెల్లూరు. శేషమ్మ పెద్దత్త గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉంది. అక్కచెల్లెళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. తరువాత పెద్దత్త, "ఎంత చిక్కిపోయినావే," అంది.

"నువ్వు చిక్కలేదులే," అంది అత్త.

భోజనాలయ్యాక పెద్దత్త నన్ను పిలిచి, "ఆ గదేదో నాకూ చూపించు అబ్బయా," అంది. ఆమెకూ అవే మోకాళ్ళు, అదే భయం. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కుర్చీ ఎత్తు, పట్టుకునే కడ్డీ, నీళ్ళు, అన్నీ చూసుకున్నట్టుంది. చాలాసేపటికి బయటికి వచ్చి, "నేనూ మద్రాసుకు వస్తా," అంది.

"నువ్వు సర్దుకునేటప్పటికి మూడు దినాలు," అంది అత్త.

"రెండు చీరలు చాలు. తక్కినవి నీవి కట్టుకుంటా."

"నా చీరలు నీకు యాడ చాలతాయే?"

మూడు గంటలకు నలుగురం బయలుదేరాం. నాయుడుపేట దగ్గర ఒకసారి, తడ దగ్గర ఒకసారి ఆగాం. టోలుగేట్ల దగ్గర ఆలస్యమైంది. రెడ్ హిల్స్ చేరేసరికి ఆదివారం సాయంత్రపు రద్దీ దారిని పూర్తిగా కట్టేసింది. ముందూ వెనకా బస్సులు, లారీలు. బస్సు కిటికీల్లో జనం మెడలు చాచి చూస్తున్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు దిగి ఎక్కడికి వెళ్ళాలో తెలియక రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. దేవసహాయం ఇంజను ఆపేశాడు.

నేను చాలా ప్రయాణాలు చేశాను, ఇంతకంటే మంచి ఊళ్ళు చూశాను. ఇంత గర్వంగా తిరిగి వచ్చిన ప్రయాణం మాత్రం మరొకటి లేదు.

"ఇంకా ఎంతసేపు పడుతుంది అబ్బయా?" అని వెనకనుంచి పెద్దత్త అడిగింది.

"గంట పైనే పెద్దత్తా."

"పట్టనీలే," అంటూ ఆమె కాళ్ళు చాపుకుంది.