దర్జీ దశరథం చేసుకున్న పండుగ

కేతేపల్లికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో దేవుడు లేడని బాహాటంగా చెప్పే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు దశరథం. కులానికి మేర, పనికి దర్జీ. ఇంటి ముందు అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకుని ఊరందరికీ బట్టలు కుట్టేవాడు. ఆ ఇంటి గడపకు ఉగాదినాడు పసుపు రాసేవాళ్ళు కారు. దసరాకు జమ్మి ఆకు తెచ్చుకునేవాళ్ళు కారు. ఊరంతా బోనాలెత్తే రోజున ఆయన భార్య అండాలు ఎప్పటిలాగే జొన్నరొట్టెలు చేసి పిల్లలకు పెట్టేది. అలాంటి ఇంట్లో ఏడాదికి ఒక్క పండుగ మాత్రం జరిగేది. అది క్రిస్మస్.

ఊళ్ళో వాళ్ళకు ఇది అంతుపట్టేది కాదు. "దేవుడే లేడంటడు, మల్ల కిరస్తానపోల్ల పండుగ జేస్తడు. ఏం మనిషో!" అని నవ్వుకునేవాళ్ళు. ఊరి చివర దళిత క్రైస్తవుల వాడలో తిండి తిని వస్తున్నాడని ఆయన కులం వాళ్ళు రెండేళ్ళు పెళ్ళిళ్ళకు పిలవలేదు. కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు ఒకరిద్దరు వచ్చి నిలదీశారు. దశరథం ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పుకోదగ్గ జవాబైతే చెప్పేవాడే.

ఈ సంగతి తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన సంఘం రోజుల్లో మొదలైంది. అప్పుడు దశరథానికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. మంచి మాటకారి. వాడలో మీటింగు పెట్టినప్పుడు అక్కడి ప్రార్థన ఇంటిని చూపించి, "ఏటేటా పుట్టినరోజు చేస్తరు గదా, ఆ పుట్టినాయన మీకు ఒక్క కుంట భూమన్న ఇప్పిచ్చిండా?" అని అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. ముందు వరసలో కూర్చున్న పెద్దులు కూడా నవ్వాడు. పెద్దులు ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతముండేవాడు. పాస్టరు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపేది ఆయనే. నవ్వడమైతే నవ్వాడు కాని, ఆ తర్వాతి ఆదివారం కూడా ప్రార్థన మానలేదు. సంఘం కూడా మానలేదు. అడవి నుంచి ఎవరొచ్చినా ఆయన ఇంట్లో గంజో గటకో దొరికేది.

యాభైయవ సంవత్సరం డిసెంబరులో, అడవిలో దళంతో తిరుగుతున్న దశరథానికి చలిజ్వరం పట్టుకుంది. నడవలేని స్థితిలో దళం వాళ్ళు ఆయన్ని పెద్దులు ఇంట్లో వదిలి వెళ్ళారు. పెద్దులు భార్య బిక్షమ్మ మూడు రోజులు కషాయం కాచి పోసింది. నాలుగో రోజు క్రిస్మస్. పొద్దున్నే పక్క ఊరి క్యాంపు నుంచి మిలిట్రీ వాళ్ళు వచ్చి వాడను చుట్టేశారు. పారిపోయే దారి లేదు. పెద్దులు తన కోసం కుట్టించుకున్న కొత్త అంగీ దశరథానికి తొడిగి, చేతికి పాటల పుస్తకం ఇచ్చి, ప్రార్థన ఇంట్లో మగవాళ్ళ మధ్య ఒక మూలకు కూర్చోబెట్టాడు. ఇంటి నిండా నలభై మంది ఉన్నారు. పాట మొదలైంది.

పాట సగంలో ఉండగా ఆఫీసరు లోపలికి వచ్చాడు. ఆయన వెంట తెలుగు వచ్చిన జవాను ఒకడు ఉన్నాడు. ఆఫీసరు మాటలను ఆ జవాను గట్టిగా చెప్పాడు. "సంఘపోడు ఈ వాడలనే ఉన్నడని మాకు ఎర్కే. వాడు లేస్తే వాన్నొక్కన్నే తోల్కపోతం. వాడు లెవ్వకుంటే వానికి అన్నం పెట్టినోడు లెవ్వాలె."

ఎవరూ కదల్లేదు. దశరథం పాటల పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. అక్షరాలు కనిపిస్తున్నాయి కాని ఒక్కటీ చదవలేకపోయాడు. లేవాలి, లేవాలి అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. కాళ్ళు కదల్లేదు. ఇంతలో ముందు వరసలో పెద్దులు లేచి నిలబడ్డాడు.

"నేనే పెట్టిన దొరా. ఆకలైతుందంటే పెట్టిన. నిన్ననే పోయిండు."

పెద్దులును తీసుకుపోయారు. బిక్షమ్మ ఏడుస్తూ వాళ్ళ వెంట వాగు దాకా పరిగెత్తింది. దశరథం ఆ మూలనే కూర్చుని ఉన్నాడు. చీకటి పడకముందే ఎవరో ఆయన్ని వాగు దాటించారు. పెద్దులు పదకొండు రోజుల తర్వాత ఇల్లు చేరాడు. ఎడమ మోకాలు విరిచి పంపించారు. ఆ కాలు మళ్ళీ వంగలేదు. నాగలి పట్టలేని మనిషిని పటేలు జీతంలో ఉంచుకోలేదు. బిక్షమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది. పెద్దులు కాలు చాపుకుని ఇంటి ముందు కూర్చుని నార తాళ్ళు పేనేవాడు.

దశరథం మరుసటి ఏడు ఎండాకాలంలో పట్టుబడ్డాడు. జైల్లో కొట్టలేదని కాదు, కాని చేతులూ కాళ్ళూ సరిగ్గానే మిగిలాయి. యాభై రెండులో విడుదలై ఊరికి వచ్చిన రోజే వాడకు వెళ్ళాడు. పెద్దులు తాడు పేనుతూ తలెత్తి చూశాడు.

"తమ్మీ, వచ్చినవా? పానం మంచిగున్నదా?"

అంతే. ఆ రోజు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. అడుగుతాడేమోనని దశరథం చాలాసేపు కూర్చున్నాడు. అడిగితే ఏం చెప్పాలో జైల్లో ఏడాది పాటు ఆలోచించి పెట్టుకున్నాడు. పెద్దులు మాత్రం వానల గురించి మాట్లాడాడు, బిక్షమ్మ చేత మజ్జిగ తెప్పించాడు.

ఆ డిసెంబరులో ప్రార్థన ఇంటికి సున్నం వేసేవాళ్ళు లేకపోయారు. కాలు విరగకముందు ఏటా ఆ పని పెద్దులుదే. వంగని కాలితో నిచ్చెన ఎక్కలేడు కదా! సంగతి తెలిసి దశరథం సున్నం బకెట్టు పట్టుకుని వెళ్ళాడు. "అన్నా, నేనేస్త" అన్నాడు. పెద్దులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రభువుకు స్తోత్రం" అన్నాడు.

తాను మారి దేవుణ్ణి నమ్ముకున్నానని పెద్దులు అనుకుంటున్నాడని దశరథానికి వెంటనే తెలిసింది. అప్పుడే కాదని చెప్పవలసింది. చేతిలో బకెట్టుతో నిచ్చెన ఎక్కి సున్నం కొట్టడం మొదలుపెట్టాడు.

అలా మొదలైంది. మరుసటి ఏడు అండాలును, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అండాలు బిక్షమ్మ పక్కన కూర్చుని అరిసెలు వత్తింది. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని వాడ పిల్లలతో కలిసి డప్పు వెంట తిరిగారు. తర్వాతి ఏడు పిల్లల పోరు పడలేక దశరథం తన ఇంటి చూరుకు కూడా వెదురు బద్దలతో కాగితపు చుక్క కట్టాడు. డిసెంబరంతా వాడ బట్టలు కుట్టడంతోనే సరిపోయేది. అందరికంటే ముందు పెద్దులు అంగీ కుట్టేవాడు. ప్రార్థనలో మూలన కూర్చునేవాడు. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు మూసుకునేవాడు కాదు. పాడేవాడు కాదు. పెద్దులు దాన్ని బిడియమనుకున్నాడు.

ప్రతి క్రిస్మస్‌కు పెద్దులు సాక్ష్యం చెప్పేవాడు. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. కర్ర ఊతంగా లేచి ఏటా ఒకే మాట చెప్పేవాడు. "గా దినం ప్రభువు మిలిట్రోల్ల కండ్లు మూసిండు. నా కాలు తీస్కున్నడు, నాకొక తమ్మున్ని ఇచ్చిండు. ఒకప్పుడు నవ్విన తమ్ముడు ఇయ్యాల మన నడుమ కూసున్నడు. నాకేం నష్టం కాలె."

యాభై అయిదులో అండాలు ఆ మాటను శ్రద్ధగా విన్నది. ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

"గాయన చెప్పేది నిజమేనా?"

"కాలు పోయింది నిజం."

"నువ్వు మారింది?"

"మారలె."

"మల్ల చెప్పవేంది?"

"ఎట్ల జెప్పాలె అండాలు? నేను మారిననుకునే గదా గా మనిషి కాలును మర్చిపోయి బతుకుతుండు. నీ కాలు ఊకెనే పోయిందే అని చెప్పాల్నా?"

"చెప్పకుంటే అబద్ధం గాదా?"

"అబద్ధమే" అన్నాడు దశరథం.

ఆ అబద్ధం మరో ఏడేళ్ళు నడిచింది. ఈలోగా ప్రార్థన ఇంటికి పెంకుల కప్పు పడింది. వాడ యువకులు మూసీ ఆనకట్ట పనికి పోయి తెచ్చిన కూలి డబ్బుతో గోడలు కూడా ఎత్తించారు. దశరథానికి జుట్టు నెరిసింది. మొదట్లో ఒక్క తప్పు మోసినవాడు ఇప్పుడు రెండు మోస్తున్నాడు. లేవవలసినప్పుడు లేవలేదు. మాట్లాడవలసినప్పుడు మాట్లాడలేదు. నవంబరు వచ్చిందంటే అన్నం సయించేది కాదు. వెళ్ళకుండా ఉందామనుకునేవాడు. తాడు పేనుతున్న పెద్దులు గుర్తొస్తే వెళ్ళేవాడు.

అరవై రెండు క్రిస్మస్‌కు ముందురోజు మధ్యాహ్నం పెద్దులే కర్రతో కుంటుకుంటూ మిషన్ దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"తమ్మీ, రేపు నల్లగొండ నుంచి పాస్టరు అయ్యగారు వస్తుండు. నీ గురించి జెప్పిన. రేపు నువ్వు కూడ లేచి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పాలె. సంక్రాంతి పోయినంక బాప్తిస్మం ఇస్తనన్నడు."

దశరథం మిషన్ చక్రాన్ని చేత్తో ఆపాడు. "చూద్దాం అన్నా" అన్నాడు. పెద్దులు సంతోషంగా వెళ్ళిపోయాడు.

మరునాడు ప్రార్థన చివర్లో పాస్టరు ఆయన పేరు పిలిచాడు. దశరథం లేచాడు. పన్నెండేళ్ళ కిందట కదలని కాళ్ళు ఆ రోజు కదిలాయి.

"నాకు దేవుని మీద నమ్మకం లేదు" అన్నాడు. "ఉన్నదని ఏ పొద్దూ అనలె. మీరు ఉన్నదనుకుంటుంటే లేదని గూడ అనలె. అది నా తప్పు. గా దినం ఆఫీసరు అడిగినప్పుడు నేను లెవ్వాల్సింది, లెవ్వలె. భయమైంది. గా సిగ్గుతోనే ఏటేటా వస్తున్న. పెద్దులన్న ఇదంతా దేవుడు జేసిండంటడు. దేవుడు చెయ్యలె. నా పిరికితనం చేసింది."

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు పెద్దులు వైపు చూశాడు. పెద్దులు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఏడు ఆయన సాక్ష్యం చెప్పలేదు. భోజనాల దగ్గర దశరథంతో మాట్లాడలేదు. దశరథం విస్తరిలో అన్నం కలిపి వదిలేసి లేచాడు.

నాలుగో రోజు పొద్దున పెద్దులు మళ్ళీ మిషన్ దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుత, సక్కగ జెప్పు. నా ఇంట్ల పండుగ నీకు శిక్షనా తమ్మీ?"

దశరథం ఈ ప్రశ్న ఊహించలేదు. "మొదలు గట్లనే ఉండె అన్నా" అన్నాడు. "తర్వాత ఏమాయెనో నాకే ఎర్కలేదు. పిల్లలు ఉరుకుతుంటరు, ఒదినె అరిసెలిస్తది. మంచిగనిపిస్తది. మంచిగనిపిచ్చినందుకు మల్ల సిగ్గైతది."

"నువ్వు నమ్మనందుకు నాకు బాధ లేదని అనను. ఉన్నది" అన్నాడు పెద్దులు. "గని నువ్వు శిక్ష పడ్డోని లెక్క వచ్చి నా ముంగట కూసున్నవని తెలిసి మూడు దినాలు నిద్ర పట్టలె. ఇగ ఇంకోటి విను. గా దినం నేను లేచింది నీ ఒక్కని కోసమనుకుంటున్నవా?"

"మరి?"

"నువ్వు లేస్తే నిన్నొక్కన్నే తోల్కపోతమన్నరు. గా మాట నమ్మినవా? సంఘపోన్ని ప్రార్థన ఇంట్లనే దాచిండ్రని వాడంత తగలబెట్టెటోళ్ళు. లోపట నలబై మంది ఉన్నరు. నా బిడ్డ చంటిది. నువ్వేడ లేస్తవోనని భయపడి నేను ముందుగాల్ల లేచిన."

పెద్దులు వెళ్ళిపోయాక దశరథం ఆ రోజంతా గుడ్డ ముట్టలేదు. సాయంత్రం అండాలుకు అంతా చెప్పాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"అయితే నువ్వు లెవ్వకపోవుడే మంచిదాయె. ఇగనన్న నిమ్మళంగ ఉండు."

"వాడ కాలిపోతదని నేను లెవ్వకుంటే నిమ్మళంగుంటుంటి అండాలు. నాకు వాడ యాదికే రాలె. నలబై మంది యాదికి రాలె. నా పానం ఒక్కటే యాదికొచ్చింది."

పొయ్యి మీద కూర మాడుతుంటే అండాలు లేచి వెళ్ళింది.

మరుసటి డిసెంబరు వచ్చింది. దశరథం వాడ బట్టలన్నీ కుట్టి ఇచ్చాడు కాని, సున్నం వేయడానికి వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళాలో తెలియలేదు. పండుగ ఇంకా మూడు రోజులుందనగా బిక్షమ్మ వచ్చి అరుగు ముందు నిలబడి అండాలును పిలిచింది.

"చెల్లె, బియ్యం నానబోసిన. పిండి దంచెతందుకు నువ్వొస్తవా, వేరేటోల్లను పిల్సుకోవాల్నా? మీ బావ ఇంక సున్నం పడలేదని గోడలు జూసి గులుగుతుండు. ఈయన్ని గూడ తోల్కరా."

వెళ్ళారు. ఆ తర్వాత పెద్దులు ఎవరికైనా దశరథాన్ని చూపించేటప్పుడు, "మా దర్జీ తమ్ముడు. నమ్మడు గని పండుగకొస్తడు" అని చెప్పేవాడు. ప్రార్థనలో దశరథం పేరు గట్టిగా చెప్పి మరీ వేడుకునేవాడు. దశరథానికి అది ఇబ్బందిగా ఉండేది. ఒకటి రెండుసార్లు వద్దన్నాడు. "నీ నోరు నీది, నా నోరు నాది" అన్నాడు పెద్దులు.

అరవై ఆరు ఎండాకాలంలో పెద్దులు జ్వరంతో మంచం పట్టి వారం రోజుల్లో పోయాడు. పాడె మోసిన నలుగురిలో దశరథం ఒకడు. ఆ డిసెంబరులో ఆయన ఎప్పటిలాగే ముందుగా బిక్షమ్మకు రవిక కుట్టి పంపించాడు. క్రిస్మస్ పొద్దున ప్రార్థన ఇంటికి వెళితే, వాడ పెద్దమనుషులు ఒకప్పుడు పెద్దులు కూర్చున్న ముందు వరసలో దశరథానికి చాప వేశారు. ఆయన వద్దని చెప్పి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. భోజనాలయ్యాక మగవాళ్ళతో కలిసి బగారన్నం వండిన గుండిగలు తోమాడు. బిక్షమ్మ రెండు అరిసెలు తెచ్చి చేతిలో పెడితే, ఒకటి తిని రెండోది అండాలుకు ఇచ్చాడు. పొద్దుగూకే దాకా అక్కడే ఉన్నాడు.