పువ్వు మీద నల్ల దిమ్మ

పరిశోధనశాలలో ఆయన్ని అందరూ ఉఫ్ గారు అంటారు. గ్రాఫీన్ ఏరోజెల్ అనే నల్ల దిమ్మ ఉన్న గదిలోకి ఎవరు అడుగుపెట్టినా "ఊపిరి బిగబట్టండి, ఉఫ్‌మంటే ఎగిరిపోతుంది" అని ఒంటికాలి మీద లేచేవాడు. మనిషికి గాలి అవసరమన్న సంగతిని, ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచీ ఆయన గుర్తించడం మానేశాడు. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఆయన పని చెప్పడానికి తేలికే. పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి సరుకుని పలచటి పొరలుగా విడదీసి, నీళ్ళలో కలిపి, పెళుసుబారకుండా జిగురులాంటి మరో పదార్థం చేర్చి గడ్డకట్టించాలి. ఆ మంచు కరక్కుండానే యంత్రంలో పెట్టి దాన్ని ఆవిరిగా లాగేయాలి. మధ్యలో ఏ పెద్దమనిషైనా ముచ్చటపడి యంత్రం మూత తీశాడంటే దిమ్మ కాస్తా అట్టముక్కై కూర్చుంటుంది. అన్నీ కుదిరితే ఇటుకంత నల్ల దిమ్మ మిగులుతుంది, అందులో ముప్పాతిక మూడువీసాలు గాలే. అది నీటిని దగ్గరికి రానివ్వదు. నూనె కనబడితే ఆబగా తాగుతుంది. పిండితే కక్కేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ తాగుతుంది.

ఇంతటి మహత్తర వస్తువుని లోకకల్యాణార్థం ఏం చేశారంటే, పువ్వు మీద పెట్టారు. రేకులు నలగలేదని అతిథులు ముక్కున వేలేసుకునేవారు, ఫొటో తీసుకునేవారు, డైరెక్టరు గారితో కాఫీ తాగి సెలవు పుచ్చుకునేవారు. పువ్వు మారేది, దిమ్మ మారేది కాదు. యంత్రం మూలపడి చాలా కాలమైంది, ఉన్నది అదొక్కటే. దాన్ని గాజుపెట్టెలో పెట్టి "తాకరాదు" అని బోర్డు రాసింది కూడా ఉఫ్ గారే.

ఆయన అక్కకి లాండ్రీ ఉంది. లాండ్రీ వెనక బావి, బావి పక్కన బండ్ల షెడ్డు. షెడ్డు మెకానిక్ కాలిన ఇంజన్ నూనెని కాలువలోకి వదిలేవాడు, కాలువ గోడ పగుల్లోంచి అది బావిలోకి దిగేది. ఉతికిన హోటలు దుప్పట్ల మీద మరకలు. ఇంకొక్క మరక కనిపిస్తే వేరేచోట చూసుకుంటామని హోటలు వాళ్ళు చెప్పేశారు. హోటలు పోతే అక్క కొట్టుకి తాళమే.

"ఏరా, మీ ఆఫీసులో నూనె తాగే ఇటుకేదో ఉందటగా. నా బావిలోకి దింపవేం?"

"దాన్ని తాకకూడదక్కా. నూనె అంటితే పాడైపోతుంది."

అక్క తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "నూనె తాగేదానికి నూనె అంటకూడదా? మీ వాళ్ళు గొడుగుల్ని కూడా వాన తగలకుండా దాచుకుంటారేమిట్రా?"

ఆ మాట ఆయనకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. మర్నాడు డైరెక్టరు గదిలోకి వెళ్ళి, అక్క బావి సంగతి చెప్పి దిమ్మ అడిగాడు.

"వారంలో అతిథులొస్తున్నారయ్యా," అన్నాడు డైరెక్టరు. "అయినా ప్రయోజనాల సంగతి నివేదికలో రాశాంగా."

"నివేదికలో రాస్తే బావిలో నూనె పోతుందా సార్?"

"మీ అక్కగారికి మంచి ఫొటో ఒకటి పంపిద్దాంలే."

ఉఫ్ గారు నేరుగా గాజుపెట్టె దగ్గరికి వెళ్ళి, మూత తీసి, దిమ్మని టిఫిన్ సంచిలో పడేసుకున్నాడు. గది దాటేదాకా బుసలు కొడుతూనే ఉన్నాడు. అక్కడ ఆయన ఊపిరి పీల్చడం అందరూ చూడటం అదే మొదటిసారి.

బావిలో దిమ్మని వలసంచిలో కట్టి నీటిపైన అటూ ఇటూ లాగారు. ఎగిరిపోయేంత తేలికైనది బరువెక్కి పైకొచ్చింది. పిండితే డబ్బాలోకి నల్లగా కారింది. మళ్ళీ దింపారు, మళ్ళీ పిండారు. "మెల్లిగా అక్కా" అనబోయి ఆయన నోరు మూసుకున్నాడు. సాయంత్రానికి నీటి మీద తెట్టు పోయింది.

తెల్లారేసరికి మళ్ళీ తెట్టు కట్టింది.

అక్క బావి గట్టు మీద కూలబడింది. ఉఫ్ గారు దిమ్మ దింపి, పిండి, డబ్బా పట్టుకుని షెడ్డుకి నడిచాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు మెకానిక్.

"మీ సామానే. మా అక్క బావిలో మర్చిపోయారు."

"పాడైన నూనె నాకెందుకండీ?"

"మరి మాకెందుకు?"

ఉఫ్ గారు డబ్బాని మెకానిక్ కుర్చీ కింద శ్రద్ధగా బోర్లించి వచ్చేశాడు. మర్నాడూ అదే సేవ. ఆ మర్నాడూ అదే. బండ్లు తెచ్చినవాళ్ళు జారిపడసాగారు. మెకానిక్ తిట్టాడు. ఉఫ్ గారు అంతకన్నా బాగా తిట్టాడు, ఆ విద్యలో ఆయనకి సుదీర్ఘ అనుభవం ఉంది. చివరికి షెడ్డులో నూనె పోయడానికి ఒక పీపా వెలిసింది. కాలువ ఎండింది.

హోటలు దుప్పట్లు తెల్లగా ఆరుతున్న పూట డైరెక్టరు ఫోన్ చేశాడు.

"అతిథులొచ్చి ఖాళీ పెట్టె ముందు నిలబడ్డారయ్యా. వాళ్ళకేం చూపించను?"

ఉఫ్ గారు బావిలోకి తొంగి చూశాడు. అడుగు కనబడుతోంది. ఆయన కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

"పువ్వుందిగా సార్," అన్నాడు. "అది చూపించండి."