ఏడో గిటారుకి తొమ్మిది వంకలు

మా బావ అచ్చిబాబు తనకి నచ్చినదాన్ని బాగుందని అనగా నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారే విన్నాను. ఆ ఒక్కసారీ కొంప మునిగాక అన్నాడు.

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం ఆయనది. రైతు చెట్ల మీంచి దింపు తీయించి కాయలు రాశి పోయించగానే బావ వెళ్తాడు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి మొహం చిట్లిస్తాడు. కాయ చిన్నదంటాడు, నీళ్ళు లేవంటాడు, పీచు తప్ప ఏముందంటాడు. రైతు డీలా పడ్డాక రాశి మొత్తం తనే కొంటాడు. వ్యాపారంలో అది మామూలే అనుకోండి. ఈ మనిషి దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పెళ్ళిచూపుల్లో మా అక్క వీరవేణికి మూడు వంకలు పెట్టి, ఇంటికెళ్ళి చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని రెండు పూటలు అన్నం మానేశాడు. ఆ మూడు వంకలూ మా అక్కకి ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఇక ఆయన పిచ్చి గిటార్లు. మామూలు గిటార్లు కాదు, ఎలక్ట్రిక్ గిటార్లు. అవీ పాతవి. అవీ ఒకే మనిషి చేసినవి. రాజమండ్రి గోకవరం బస్టాండు దగ్గర బంగార్రాజని ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఆర్కెస్ట్రాలు ఊరూరా తిరిగిన రోజుల్లో, ఫారిన్ గిటారు కొనుక్కునే స్తోమత లేని ట్రూపుల కోసం తనే చేత్తో గిటార్లు చేసిచ్చేవాడు. వీణలకి వాడే పనస కలపతో ఒళ్ళు చెక్కించేవాడు. తీగల కింద ఉండే పికప్పులకి పాడైన ఫ్యాన్ల రాగితీగ చుట్టేవాడు. పాత రేడియోల మీటలు బిగించేవాడు. మొత్తం ఏడంటే ఏడు చేసి పోయాడు. ఒక్కోదాని వెనక ఒక్కో నంబరు చెక్కి ఉంటుంది. ఇలాంటి చేతిపని గిటార్లని ఏరుకుంటూ తిరిగేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళ దృష్టిలో రంగు పాతదై, మీట పాతదై, గీత కూడా పాతదైతేనే విలువ. ఎవడైనా కొత్త రంగు పూశాడంటే ఆ గిటారు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

బావ దగ్గర ఆరున్నాయి. ఆయనకి వాయించడం రాదు. హాల్లో వరసగా తగిలించి రోజూ తుడుస్తాడు. చుట్టాలెవరైనా వాయించమంటే ఇవాళ శ్రుతిలో లేవంటాడు. ఆరూ వంకలు పెట్టి కొన్నవే. పిఠాపురంలో టెంట్‌హౌస్ నడిపే సురేష్‌బాబు దగ్గర నాలుగోది కొన్నప్పుడైతే ఇది గిటారా, తెడ్డా అని అడిగి మరీ కొన్నాడు. ఇంటికొచ్చే దారంతా దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నిమురుతూనే ఉన్నాడు. కారు నాది కాబట్టి ఇవన్నీ నేను చూడాల్సి వచ్చేది.

మిగిలింది ఏడోది. బంగార్రాజు ఆఖరి పని, అన్నిటికన్నా మంచిదని విన్నవాళ్ళు చెప్పేవారు. దానికోసం బావ పదకొండేళ్ళు తిరిగాడు. ఒకరోజు మా ఇంట్లో భోజనానికి కూర్చుని, "ఏడోది చూడకుండానే పోతానేమోరా భాస్కరం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అందుకే అది ఉప్పాడలో బుల్లియ్య అనే మనిషి దగ్గర ఉందని తెలిసిన రోజున, తిట్టుకుంటూనే సెలవు పెట్టి కారు తీశాను.

బుల్లియ్య అరవై దాటిన మనిషి. సొంత పడవ మీద సముద్రంలోకి వెళ్తాడు. కుర్రతనంలో కాకినాడ ట్రూపులో గిటారు వాయించాడట. ట్రూపు విడిపోయాక ముప్పై ఏళ్ళుగా దాన్ని ముట్టుకోలేదట. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, భార్య సత్యకుమారి చేత మజ్జిగ ఇప్పించి, అటక మీంచి లుంగీలో చుట్టిన గిటారు దించాడు. అంచుల్లో నలుపు, నడుమ తేనెరంగు. వాయించేవాడి మోచెయ్యి ఆనే చోట రంగు అరిగిపోయి పనస చెక్క పసుపు పచ్చగా కనబడుతోంది. వెనక ఏడో నంబరు. బావ నా తొడ ఎంత గట్టిగా గిల్లాడంటే ఆ మచ్చ వారం దాకా పోలేదు.

గిల్లిన చెయ్యి తీసి, మొహం చిట్లించి, మొదలుపెట్టాడు. రంగు పోయిందన్నాడు. మీటలకి ఒకదానితో ఒకదానికి పొంతన లేదన్నాడు. తీగలు తుప్పన్నాడు. మెడ దగ్గర గీత ఉందన్నాడు. అలా ఎనిమిది దాకా పోయాడు. బుల్లియ్య తల వంచుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ విన్నాడు. అయిపోయాక ఇంకేమైనా ఉన్నాయా అండీ అని వినయంగా అడిగాడు. అలా అడిగేసరికి బావకి ఊపొచ్చింది. దీంట్లోంచి సౌండు కూడా రాదని తేల్చి, తొమ్మిది వంకలు పూర్తి చేశాడు.

"ఆయ్. ఇలాంటిది మీలాంటోరి చేతిలో పెట్టడం మర్యాద కాదండి," అన్నాడు బుల్లియ్య. "పది రోజులాగి రండి."

సత్యకుమారి ఎండు రొయ్యలు కట్టిచ్చింది. దారిలో బావ ఆనందం అంతా ఇంతా కాదు. మెత్తబడ్డాడనీ, పది రోజుల్లో రేటు దానంతటదే దిగుతుందనీ, వ్యాపారమంటే ఏంటో చూసి నేర్చుకోమనీ యానాం దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. మర్యాద తెలిసిన మనిషిని అన్ని మాటలనడం బాగాలేదని నేనన్నాను. నీకు వ్యాపారం తెలీదన్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే వెళ్ళాం. బుల్లియ్య వాకిట్లోనే ఎదురొచ్చాడు. చేతిలో గిటారుంది. చిలకాకుపచ్చ రంగు, చుట్టూ ఎర్ర అంచు. తన పడవకి ఏ రంగు వేస్తాడో అదే, ఉప్పునీళ్ళలో ఐదేళ్ళయినా చెక్కుచెదరని రంగు. మీటలు కొత్త స్టీలువి, మొహం చూసుకోవచ్చు. గీతకి లప్పం పెట్టించాడు. పడవ మీద రాసినట్టే, తీగలు చుట్టే చోట పసుపు అక్షరాలతో సత్యకుమారి అని భార్య పేరు రాయించాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి సిగ్గుపడుతోంది.

బావ మంచం మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

"మీరు చెప్పిన తొమ్మిదిలో ఎనిమిది తీయించేశానండి," అన్నాడు బుల్లియ్య. "సౌండొకటి మీరే చూసుకోవాలి." పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన ఆంప్లిఫైయర్‌కి వైరు తగిలించి, ఒక పాత పెళ్ళి పాట ఎత్తుకున్నాడు.

మొదట వేళ్ళు రెండు చోట్ల తడబడ్డాయి. తర్వాత తడబడలేదు. ఆ నాదం పెద్దగా లేదు, వాడిగా లేదు, ఎవరో మన పక్కన కూర్చుని నెమ్మదిగా పాడుతున్నట్టుంది. చేపల బుట్టలతో వెళ్తున్న ఆడవాళ్ళు బుట్టలు దించి నిలబడ్డారు. బావ వైపు చూస్తే ధారగా ఏడుస్తున్నాడు. ఆరు గిటార్లున్న మనిషి, బంగార్రాజు గిటారు మోగగా వినడం అదే మొదటిసారి. రంగు పోయినందుకు ఏడ్చాడో, పాటకి ఏడ్చాడో నేను అడగలేదు. రెండూ అయ్యుంటాయి.

పాట అయ్యాక బావ లేచి నిలబడి చేతులు జోడించాడు.

"బుల్లియ్య గారూ, నేను పెట్టిన వంకలన్నీ అబద్ధాలండి. రేటు తగ్గిస్తారని పెట్టాను. మీ గిటారు బాగుందండి. మొన్న అటక మీంచి దించినప్పుడే బాగుంది."

బుల్లియ్య గిటారు వైపూ, బావ వైపూ చూశాడు. ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"ఆ ముక్క ఆరోజే అనుంటే ఊరికే ఇచ్చేద్దును కదండీ. ముప్పై ఏళ్ళబట్టి ఎవరూ అడగలేదు దాన్ని." గిటారు ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఇప్పుడివ్వలేనండి. చెయ్యి మళ్ళీ తిరుగుతోంది."

బావ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. అసలు ఆయన గట్టిగా చెప్పనూ లేదు. బయల్దేరదామని లేస్తే సత్యకుమారి ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళు వట్టి చేతులతో పోవచ్చు గానీ వట్టి కడుపుతో పోకూడదని ఆకులు వేసేసింది. పండుగొప్ప చేప పులుసు. నేను సిగ్గు లేకుండా మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. బావ మాత్రం మెతుకులు లెక్కపెడుతున్నట్టు తింటున్నాడు.

అప్పుడు బుల్లియ్య, మీ దగ్గర ఇలాంటివే ఆరున్నాయని విన్నానండి, అన్నాడు. పాత ట్రూపువాళ్ళు ఇద్దరు కాకినాడలోనే ఉన్నారట. బుల్లియ్య మళ్ళీ వాయిస్తున్నాడని తెలిసి వాళ్ళకీ చేతులు దురద పెడుతున్నాయట. చెరొకటి ఇస్తే ట్రూపు మళ్ళీ పెట్టుకుంటామన్నాడు.

బావకి పొలమారింది. నీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, మొహం చిట్లించాడు.

"అబ్బే, అవెందుకూ పనికిరావండి. ఒకదానికి మెడ వంకర. ఒకటి చెదలు కొట్టేసింది. నాలుగోదైతే తెడ్డేనండి, గిటారే కాదు. ఏదీ సరిగ్గా మోగదు, రంగులు చూస్తే డోకొస్తుంది..."

బుల్లియ్య అడ్డు చెప్పకుండా అన్నీ విన్నాడు. వేళ్ళ కణుపులు కూడా లెక్కపెట్టుకున్నాడు. అంతా అయ్యాక బావ ఆకులో ఇంకో చేప ముక్క వేశాడు.

"ఇన్ని వంకలున్నాయంటే సరుకు మంచిదేనండి. ఆదివారం ముగ్గురం వత్తాం."

బావ సాయం కోసం నా వైపు చూశాడు. నా నోటినిండా చేప ఉంది.