పిన్ని వదులుకున్న క్లాసు

పోయిన వారం మిషిగన్‌లో మా పిన్ని ప్రభువునందు నిద్రించింది. ఫోనులో ఆమె కూతురు "అమ్మ పోయిందక్కా" అనగానే, నాకు ఏడుపు కంటే ముందు తప్పు చేసినదాన్నన్న భావన కలిగింది.

డెబ్భైల చివర పిన్ని అక్కడి ఆడవాళ్ళ జైల్లో గార్డు. ఆ పనిలో ఎవరూ నిలిచేవారు కాదు. అందుకే, కొన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పుకుని చేరినవాళ్ళకు కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టేది. "జైలని భయపడకే. నర్సింగ్ చదవాలని నాకూ ఉంది, ఇద్దరం కలిసి చదువుదాం" అని, అప్పట్లో ఆమె దగ్గరే ఉంటున్న నన్నూ చేర్పించింది.

సెల్ తలుపు వేసేటప్పుడు తాళాలు మోగకుండా గుప్పిట్లో పట్టుకునేది పిన్ని. "ఆ చప్పుడే వాళ్ళకి పెద్ద శిక్ష" అనేది.

తీరా చూస్తే, ఒక షిఫ్టులో ఒక్కరినే క్లాసులకు వదలగలమన్నాడు సూపర్‌వైజర్. సీనియారిటీ పిన్నిది. అయినా, "ముందు నువ్వు వెళ్ళు. నీ షిఫ్ట్ నేను కవర్ చేస్తాలే. నేనెక్కడికి పోతాను?" అంది.

నేను పరీక్ష రాస్తున్న ఒక సాయంత్రం జైలు డైనింగ్ హాల్లో కొట్లాట రేగింది. నా బదులు డ్యూటీలో ఉన్న పిన్ని ఇద్దరు ఖైదీలను విడదీయబోయింది. ఇనుప ట్రే ఆమె ఎడమ చెవి మీద పడింది. ఆస్పత్రికి పరుగెత్తాను. తలకు కట్టుతో ఉన్న పిన్ని నన్ను చూడగానే, "పేపర్ బాగా రాశావా?" అంది. చెప్పాను.

"ఈ పక్కకొచ్చి చెప్పవే" అంది.

ఆ ఎడమ చెవికి మళ్ళీ వినికిడి రాలేదు. కొన్నాళ్ళకు కుడిచెవీ మందగించింది.

నాకు డిగ్రీ వచ్చింది. ఒప్పుకున్న గడువు పూర్తిచేసి, ఆస్పత్రిలో నర్సుగా చేరిపోయాను. "వెళ్ళు, అందుకేగా చదివింది" అని పిన్నే సాగనంపింది. ఆ జైల్లోనే రిటైరయ్యే దాకా ఉండిపోయింది.

ఎనభైల మధ్యలో ఆమె వంతు వచ్చింది. కాలేజీలో చేరి, నెల తిరక్కుండా మానేసింది. ఎందుకని నేను అడగలేదు. అప్పటికే చూశాను కనుక. ఒకరోజు ఇంటికి తీసుకెళ్దామని వెళ్ళి, క్లాసు తలుపు అద్దంలోంచి తొంగిచూశాను. పిల్లలంతా గబగబా రాసుకుంటున్నారు. డ్యూటీ నుంచి తిన్నగా యూనిఫాంలోనే వచ్చిన పిన్ని ముందు వరసలో కూర్చుని, కుడిచెవి వెనక అరచెయ్యి ఆనించుకుని, టీచరు పెదాల వంకే చూస్తోంది. రెండో చేతిలో పెన్ను ఉంది. అది కదలడం లేదు.