ఎవరు తెరిస్తే వాళ్ళే పెళ్ళికొడుకు

ఒక్క వేలితో నొక్కి సొంత పెళ్ళిసంబంధాన్ని ముంచుకోబోయిన మొనగాడు కొంటా బజారు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు అన్నం సయించలేదు.

మాది కొంటాలో కిరాణా దుకాణం. భోపాలపట్నంలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే కామేశ్వరరావు గారి అమ్మాయి మౌనికను జగదల్‌పూర్‌లో ఒక పెళ్ళిలో చూశాను. వడ్డించేవాడు రెండోసారి గులాబ్ జామ్ వేయనంటే, హిందీలో మొదలుపెట్టి, అక్కడి హల్బీ భాషలో బతిమాలి, చివరికి తెలుగులో తిట్టి మూడు వేయించుకుంది. నా మనసు అక్కడే, ఆమె విస్తట్లోనే ఉండిపోయింది.

మావాళ్ళు సంబంధం కదిపారు. "అబ్బాయి వివరాలు పంపుండ్రి. సాయంత్రం ఇంకో సంబంధం, జగదల్‌పూర్ వాళ్ళకు మాట ఇయ్యాలె, ఆ లోపల చూస్తం" అన్నారు కామేశ్వరరావు గారు. అంటే నాకు మిగిలింది ఒక్క పూట.

కాగితం మీద రాసి, పక్కన ఫోటో పెట్టి పంపమంది అమ్మ. నేను వింటేనా? మా వైపు ఊళ్ళ వర్తకులందరికీ కలిపి ఉన్న సంఘానికి ఒక ఆప్ ఉంది. అందులో ఇంటిల్లిపాదికీ తలా ఒక పేజీ: ఫోటో, వయసు, వ్యాపారం, పెళ్ళయిందా లేదా, అన్నీ. 'నా పేజీ'లోకి వెళ్ళి, లింకు కాపీ చేసి, "నొక్కితే చాలు, సరాసరి అబ్బాయి ముందుంటారు" అని గొప్పగా రాసి పంపాను. ముందు నేనూ నొక్కి చూసుకున్నాను లెండి. కోటు వేసుకుని నేనే, నవ్వుతూ. ఇంకేం కావాలి?

ఆగలేక ఫోన్ కూడా చేశాను.

"అంకుల్, నమస్తే. లింకు పెట్టిన."

"ఏందీ? ఎవరితోని పెట్టినవ్?"

ఆ మాటకు మన తెలుగులో ఇంకో అర్థం ఉందని అప్పుడు వెలిగింది. "అయ్యో, అది కాదంకుల్! ఫోన్ల నొక్కే లింకు. మీకు పంపిన."

"అట్ల చెప్పు. మా ఇంటి గ్రూపుల గూడ పెడ్త."

పది నిమిషాలకు ఆయనే చేశారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అది ప్రమాద సూచన అని నాకు తెలియలేదు.

"చూసిన బాబూ. అబ్బాయికి బట్టతల గద."

నెత్తి తడుముకున్నాను. జుట్టు ఉంది. "లైటు పడి అట్ల మెరిసింది అంకుల్."

"మీసాలు తెల్లగున్నయ్."

"అది గూడ లైటే."

"వయసు యాభై ఆరంట."

"ఇరవై ఆరు! రెండు కొట్టబోయి ఐదు కొట్టుంట."

"షాదీశుదా అని ఉంది. పెళ్ళయిందంట గద."

"మీరు ఊఁ అంటే అయిపోతది గద అని..."

"ఇద్దరు పిల్లలు గూడ ఉన్నరు. పెద్దదాని పేరు మౌనిక."

అంతలో అవతల ఎవరో ముసలమ్మ, ఆయన తల్లి కాబోలు, సంబరంగా అరుస్తోంది: "ఒరేయ్, పోరడు అచ్చం నా లెక్కనే ఉన్నడురా! ముక్కుపుడక గూడ ఉంది!"

"అల్లుడు కావాలె అంటే నా ఫోటో నాకే పంపుతవా? తమాషానా?" అని కామేశ్వరరావు గారు ఫోన్ పెట్టేశారు.

పరుగున మొబైల్ దుకాణం శంకర్ దగ్గరకు వెళ్ళాను. వాడు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు పంపింది నీ పేజీ లింకు కాదు భయ్యా. 'నా పేజీ' లింకు. ఎవరు నొక్కితే వాళ్ళ పేజీ తెరుచుకుంటది."

"నేను నొక్కితే నేనే వచ్చిన గద?"

"అద్దం తెచ్చి నిన్ను చూసుకొని, అదే అద్దం ఆయనకు పంపినవ్. నీ ఫోటో ఉంటదా అండ్ల?"

ఇంటికొచ్చి, సిగ్గు చంపుకుని, అమ్మ రాసిన కాగితాన్నే ఫోటో తీసి పంపాను. జవాబు లేదు. దుకాణంలో ఉప్పు అడిగినవాళ్ళకు చక్కెర కట్టాను. జగదల్‌పూర్ వాళ్ళంటే ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది. "బాబూ, కాగితం ముట్టింది. కానీ మా పిల్ల పొద్దుగాల్నే, ఆ లింకు చూడంగనే నచ్చింది అన్నదంట. ఇంక నేనేం అంట?"

నేను బియ్యం బస్తా ఎక్కి గంతులేశాను. పెళ్ళయిపోయింది. కొన్నాళ్ళకు ఓసారి మీసం దువ్వుకుంటూ మౌనికను అడిగాను: "లింకు నొక్కంగనే నచ్చింది అన్నవట. నాల ఏం నచ్చింది?"

"నిన్నెవరు చూసిండ్రు? నొక్కితే నా ఫోటో వచ్చింది. మంచిగుంది, నచ్చింది అన్న."

నా మొహం మాడిపోవడం చూసి జాలిపడింది. "గులాబ్ జామ్ కాడ నోరు తెరుచుకొని నిలబడ్డోడివి నువ్వే గద? ఆ మొహం చూడనీకి లింకెందుకు?"

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అయినా ఆ రోజే మా దుకాణం తూకం రాళ్ళ మీద చెయ్యి వేసి ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరికి ఏ లింకు పంపాలన్నా, ముందు అమ్మ ఫోన్‌లో తెరిచి చూస్తాను. అందులో అమ్మ కనిపించిందా, ఇక పంపను.