ఎడమ కిటికీ పక్కన నేను

ఆ రోజుల్లో ఏరోప్లేను చప్పుడు వినబడితే చాలు, మా గుడియాత్తం మగ్గాల వీధిలో ముసలమ్మలు కూడా పొయ్యిమీది గంజి వదిలేసి బయటికి పరుగెత్తేవారు. అలాంటి కాలంలో నేను దాన్ని ఎక్కాను. ఊరికే ఎక్కడం కాదు, ఏ కిటికీ పక్కన కూర్చుంటే నాకు కావలసింది బాగా కనిపిస్తుందో ముందే ఆలోచించుకుని మరీ ఎక్కాను. (నవ్వకండి. అప్పటికి నాకు ఇరవై నిండలేదు, పెళ్లయి రెండు నెలలు.)

అది ఆడి నెల, అంటే మన ఆషాఢం. కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి తీసుకుపోతారు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. నా భార్య వేలూరు వెళ్లి ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజుల్లో నేను నేసిన లుంగీల్లో ఎన్ని పోగులు తెగాయో ఆ దేవుడికే తెలియాలి. "నూలుదేం తప్పు లేదు నాయనా, నీ మనసే యాడో ఉండాది" అనేది మా అమ్మ. అంతలో వేలూరు బయట మైదానంలో ఒక దొర ఏరోప్లేను దించాడనీ, డబ్బులిచ్చినవాళ్లను ఊరిమీద ఒక చుట్టు తిప్పుతున్నాడనీ తెలిసింది. నా బుర్ర చురుగ్గా పనిచేసింది. గడప తొక్కకూడదన్నారు గానీ, పైనుంచి చూడకూడదని ఏ శాస్త్రంలో ఉంది? వేలూరికి లుంగీల మూటలు తీసుకుపోయే మా చిన్నాన్నతో కబురంపాను. "ఆదివారం మద్యాన్నం ఏరోప్లేను చప్పుడు వింటానే ఎర్రచీర కట్టుకోని మిద్దెమీద నిలబడమని చెప్పు చిన్నాయనా." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ నాయన గూడా ఇంత పిచ్చోడు కాదప్పా" అన్నాడు గానీ, పాపం చెప్పివచ్చాడు.

ఆదివారం పొద్దున్నే మైదానం చేరి, ఎండలో కూర్చుని ఏరోప్లేను తీరు గమనించాను. లేచిన ప్రతిసారీ కోట దాటి ఎడమకు తిరిగి, మామగారి వీధిని ఎడమపక్కన పెట్టుకుని చుట్టివస్తోంది. కాబట్టి ఎడమ కిటికీ! తీరా ఎక్కేసరికి, నాతోపాటు ఎక్కిన మేల్పాడి రైతు, పెద్ద మీసాలాయన, సరిగ్గా అక్కడే చతికిలబడ్డాడు. బతిమాలాను, దండం పెట్టాను. చివరికి నా భుజంమీది కొత్త లుంగీ తీసి ఇస్తే, దాని అంచు పట్టి చూసి మరీ కుడిపక్కకు జరిగాడు. ఏరోప్లేను కదలగానే నన్ను మోచేత్తో పొడిచి, "ఇదో అప్పా, ఎవురో ఆడబిడ్డ ఈ పక్క చెయ్యి ఊపతా ఉండాది, నీకేనేమో చూడు" అన్నాడు. "నావాళ్లు మిద్దెమీద ఉండారు, ఈడ ఎవురూ లేరు, ఊరుకో పెదనాయనా" అని కసిరి, నా కిటికీకి ముక్కు ఆనించాను.

కోట ఎటు పోయిందో, పాలారు నది ఎటు పోయిందో నాకు తెలియదు. మామగారి మిద్దె కనిపించింది. మిద్దెమీద ఎర్రగా! తలగుడ్డ విప్పి ఊపాను, "నేనే! నేనే!" అని అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు. తను మాత్రం చెయ్యెత్తలేదు, కాస్త అటూ ఇటూ ఊగిందంతే. ఎంత సిగ్గో పిచ్చిపిల్లకి అనుకుని, కళ్లు తుడుచుకుంటూ దిగాను.

జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దగ్గర, ఆకుపచ్చ చీరలో, నా భార్య నిలబడి ఉంది. పక్కన మామగారు.

"యాడ చూస్తా ఉంటిరి మీరు? చెయ్యి నొప్పెట్టేదాకా ఊపితిని, ఒక్కపారి గూడా ఇట్ల తిరగలేదే!" అంది. గొంతులో ఏడుపు.

"మరి మిద్దెమీద ఎర్రచీర?"

"ఉతికి ఆరేసినా. మిద్దెమీద నిలబడితే మీకు నేను అగపడతా, సరే. నాకు మీరు అగపడొద్దా? ఇరవై దినాలు మీకొక్కరికేనా?"

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఆడిలో అల్లుడు గడప తొక్కగూడదు, నిజమే. ఈ బయలుకు గడప యాడుండాది నాయనా?" అని, చేతులు వెనక్కి కట్టుకుని ఏరోప్లేను చక్రాలు చూడడానికి వెళ్లారు. చాలాసేపు చూశారు, మహానుభావుడు.

ఆ కాసేపట్లో మేమేం మాట్లాడుకున్నామో ఒక్క ముక్కా గుర్తులేదు. తను కొంగుతో నా మొహంమీది దుమ్ము తుడిచింది, అది గుర్తుంది. భార్యను చూడాలని ఆకాశందాకా ఎగిరిన ఆ కుర్రాడికి, ఆమెకూ తనను చూడాలని ఉంటుందన్న సంగతి తోచనేలేదు. ఇప్పుడు వాడు నా చేతికి చిక్కితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తొందరగా ఆ తాడు దగ్గరికి నడువు నాయనా అని వెనకనుంచి తోస్తాను.